నొప్పి మాత్ర వేసుకుంటే ఐదవ శీలం తప్పినట్టా?





దీక్ష తీసుకున్న ఇళ్లలో ఎవరికైనా ఆపరేషన్ జరిగినప్పుడు ఒక సందేహం వస్తుంటుంది. వినేవాళ్లకు చిన్నదిగా అనిపిస్తుంది గానీ మంచం మీద ఉన్న మనిషికి అది చిన్నది కాదు. కుట్లు లాగుతుంటాయి, దగ్గితే ప్రాణం పోయినట్టుంటుంది, పక్కనే గ్లాసుడు నీళ్లు, మాత్ర ఉంటాయి. "ఇది మత్తు మాత్రట. మత్తు ముట్టనని శీలం తీసుకున్నాను కదా, వేసుకోవచ్చా?" అని ఒకరు అడుగుతారు. "ఓర్చుకోవడమే కదా సాధన, మాత్రలెందుకు?" అని ఇంకొకరు. "ఏ జన్మలో ఏం చేశానో, అనుభవించాల్సిందే" అని ఇంట్లో పెద్దామె. ముగ్గురి మాటలూ వేరు. కానీ మూడూ ఆ మాత్రను పక్కన పెట్టించేవే. ఒక్కొక్కటీ ధమ్మం వెలుగులో పరిశీలిద్దాం.

పూర్వజన్మ పాపమా?

పెద్దామె మాటతోనే మొదలుపెడదాం. అది అన్నిటికంటే లోతుగా నాటుకున్న మాట. రోగం వస్తే పూర్వజన్మ పాపం, పేదరికం పూర్వజన్మ పాపం, అంటరానితనం కూడా పూర్వజన్మ పాపమే అని మన తాత ముత్తాతలకు చెప్పారు. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ ఈ వాదాన్ని సూటిగా తిరస్కరించారు. పేదల, అణగారినవాళ్ల దుస్థితికి ప్రభుత్వం, సమాజం బాధ్యత వహించకుండా తప్పించుకోవడానికి పనికొచ్చే సిద్ధాంతం అది అని చెప్పారు.

సంయుత్త నికాయంలో మోలియ సీవకుడనే పరివ్రాజకుడు ఇదే అడుగుతాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ గతంలో చేసిన కర్మ వల్లేనా అని. తథాగతులు ఒప్పుకోలేదు. పైత్యం వల్ల, కఫం వల్ల, వాతం వల్ల, ఈ మూడూ కలిసి చెడడం వల్ల, రుతువు మారడం వల్ల, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం వల్ల, బయటి దెబ్బల వల్ల కూడా బాధలు పుడతాయని వరుసగా చెప్పారు. కమ్మఫలం ఆ లెక్కలో ఎనిమిదవది, అన్నిటిలో ఒకటి. అంతా పాత కర్మే అనేవాళ్లు ఎవరికైనా తెలిసే సత్యాన్ని దాటి మాట్లాడుతున్నారని తేల్చేశారు.

ఆపరేషన్ నొప్పి సంగతి ఇంకా తేలిక. చర్మాన్నీ కండనూ కోశారు కాబట్టి అక్కడి నరాలు మెదడుకు కబురు పంపుతున్నాయి. దెబ్బతిన్న చోట పుట్టే రసాయనాలు వాపునూ నొప్పినీ పెంచుతున్నాయి. కారణం ఉంది కాబట్టి ఫలితం ఉంది. కారణాన్ని తగ్గిస్తే ఫలితం తగ్గుతుంది. మనం నేర్చుకున్న పటిచ్చ సముప్పాదం ఇదే కదా. ఇందులో పాపం ఎక్కడుంది?

ఇదే మాట ఇంకో వేషంలో కూడా వస్తుంది. "మనవి కష్టానికి అలవాటు పడ్డ ఒళ్లు, మనకు ఈ నొప్పి ఒక లెక్కా?" అంటారు. వినడానికి పొగడ్తలా ఉంటుంది. కానీ కూలి చేసే ఒంటికి నొప్పి తక్కువ తెలుస్తుందని ఎవరు తేల్చారు? మన నొప్పి గురించి అడిగినవాళ్లు తక్కువ, అంతే. అడగనివాళ్ల మాటను మనమే మన నోటితో అనడం ఎందుకు?

శీలం దేన్ని వద్దంటోంది?

తెలుగులో ఒక చిక్కు ఉంది. రోగం తగ్గించేదీ మందే, వైన్ షాపులో అమ్మేదీ మందే. పాళీలో ఈ చిక్కు లేదు. వైద్యుడిచ్చేది భేసజ్జం, తాగితే మత్తెక్కేది మజ్జం. ఐదవ శీలం చెప్పేది మజ్జం గురించి. దాని పక్కనే 'పమాదట్ఠాన' అనే మాట కూడా ఉంది. పమాదం అంటే ఏమరుపాటు. ఏ ఏమరుపాటులో పడితే మనిషి మిగతా నాలుగు శీలాలనూ తెంచుకుంటాడో, దానికి చోటిచ్చేదాన్ని వదిలెయ్యమని ఆ శీలం అర్థం.

వినయ పిటకంలో మహావగ్గ అనే భాగంలో మందుల గురించే ఒక పూర్తి అధ్యాయం ఉంది. అందులో పిలిందవచ్ఛ అనే భిక్ఖువుకు వాతరోగం వస్తుంది. నూనె కాచి ఇవ్వాలి, అందులో కొంత మద్యం కలపాలి అని వైద్యులు చెబుతారు. తథాగతులు అనుమతించారు. అది చూసి కొందరు భిక్ఖువులు మద్యం ఎక్కువ పోసి నూనె కాచుకున్నారు, తాగి మత్తెక్కారు. అప్పుడు హద్దు పెట్టారు: మద్యం రంగు, వాసన, రుచి ఏవీ తెలియనంత కొద్దిగా కలిస్తేనే తాగవచ్చు. మరి అప్పటికే ఎక్కువ కలిపి కాచిన నూనె ఏం చెయ్యాలి? ఒంటికి రాసుకోవడానికి వాడుకోమన్నారు.

ఈ చిన్న సంఘటనలో మన ప్రశ్నకు జవాబు చాలావరకు ఉంది. రోగికి అవసరమైనది ఇచ్చారు. అవసరం పేరుతో మత్తు కోరినవాళ్లకు అడ్డుకట్ట వేశారు. వస్తువును పారెయ్యలేదు, దాని వాడకాన్ని సరిదిద్దారు.

ఇక మన మాత్రల సంగతి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మత్తు మాత్రలు కావు. వీటి విషయంలో శీలం ప్రశ్నే రాదు. ట్రమడాల్, టాపెంటడాల్, మార్ఫిన్ వేరే రకం. మార్ఫిన్ నల్లమందు నుంచే తీస్తారు. ట్రమడాల్ ఫ్యాక్టరీలో తయారైనా మెదడులో అలాంటి చోటే పనిచేస్తుంది. వీటితో మగత రావచ్చు, అలవాటు పడే ప్రమాదమూ ఉంది. అందుకే మన దేశంలో 2018లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. పెద్ద ఆపరేషన్ తర్వాత కొద్ది రోజులు డాక్టరు ఇవి రాస్తే, రాసినంత మేరకు వేసుకోవడం భేసజ్జమే. శీలభంగం కాదు.

ఇంకో మాట ఆలోచించండి. తీవ్రమైన నొప్పి కూడా మనిషిని ఏమరుస్తుంది. రాత్రంతా నిద్ర లేనివాడు పొద్దున్నే సేవ చేసే బిడ్డ మీద అరుస్తాడు. మనసు ఒక్క క్షణం శ్వాస మీద నిలవదు. సగం మాత్రతో ఆ మనిషి నెమ్మదించి, పక్కవాళ్లను ప్రేమగా పలకరించగలిగితే, అక్కడ సతిని కాపాడింది ఏది? మాత్ర వేసుకున్నామా లేదా అన్న లెక్క ఒక్కటే చాలదు. వేసుకున్నాక మెలకువ పెరిగిందా, తగ్గిందా అని చూసుకోవాలి.

ఓర్పు, వైద్యం రెండూ

ఓర్చుకోవడమే సాధన అనేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ఖంతి పారమి మనకు ఉంది. కానీ ఓర్పు ఎక్కడ ఉండాలో తథాగతులే చెప్పారు.

ఒకసారి విరేచనాల జబ్బుతో ఒక భిక్ఖువు తన మలమూత్రాల్లోనే పడి ఉంటే, తథాగతులు ఆనందుడితో నీళ్లు తెప్పించి, ఇద్దరూ కలిసి అతన్ని కడిగి మంచం మీద పడుకోబెట్టారు. ఆ సందర్భంలోనే సేవ చేయడానికి అనువైన రోగి ఎలా ఉండాలో ఐదు లక్షణాలు చెప్పారు. ఒంటికి మేలు చేసేదే చేస్తాడు. అందులోనూ మితం పాటిస్తాడు. మందు వేసుకుంటాడు. తన బాధ పెరిగిందో, తగ్గిందో, అలాగే ఉందో సేవ చేసేవాళ్లకు ఉన్నదున్నట్టు చెబుతాడు. ఒంట్లో పుట్టే బాధను ఓర్చుకుంటాడు. మందు వేసుకోవడం, ఓర్చుకోవడం ఒకే మనిషి లక్షణాలుగా ఒకే జాబితాలో ఉన్నాయి చూడండి. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలని అక్కడ లేదు. మందు వేసుకున్నాక కూడా కొంత నొప్పి మిగులుతుంది. ఓర్పు కావలసింది ఆ మిగిలిన నొప్పికి.

రెండు బాణాల ఉపమానం మీకు తెలిసిందే. ఒంటికి తగిలేది మొదటి బాణం. "నాకే ఎందుకిలా అయింది, ఇక లేవలేనేమో" అని మనసు వేసుకునేది రెండోది. మొదటి బాణానికి వైద్యం ఉంది. రెండోదానికి ధమ్మం ఉంది. ధమ్మం పేరు చెప్పి మొదటి బాణాన్ని ఒంట్లోనే ఉంచుకోమని ఎవరూ చెప్పలేదు. ఒంటిని హింసించుకునే తపస్సును ఆరేళ్లు చేసి చూసి, పనికిరాదని వదిలేసిన మహనీయుడి దారి మనది.

బాబాసాహెబ్ జీవితమూ అంతే. చక్కెర జబ్బు, నరాల నొప్పులు బాధిస్తుండగానే ఆయన చివరి గ్రంథం పూర్తి చేశారు. అది ఓర్పు. కానీ వైద్యం మానలేదు. వైద్యురాలైన సవితా అంబేడ్కర్ గారు, డాక్టర్ మాల్వంకర్ గారు తనకు చికిత్స చేస్తున్నారని, గ్రంథం పూర్తి చేయడానికి సాయపడ్డారని 1956లో రాసుకున్న ముందుమాటలో గుర్తుచేసుకున్నారు.

మాత్ర ఎందుకు?

పొట్ట ఆపరేషన్ అయిన మనిషి నొప్పికి భయపడి గాలి లోతుగా పీల్చడు, దగ్గు ఆపుకుంటాడు. ఊపిరితిత్తుల్లో కఫం నిలిచి న్యుమోనియా రావచ్చు. మంచం దిగకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. మోకాలి ఆపరేషన్ తర్వాత కాలు మడవకపోతే కీలు బిగుసుకుపోతుంది. అందుకే దగ్గగలిగేంత, నడవగలిగేంత, నిద్రపోగలిగేంత నొప్పి తగ్గాలని డాక్టర్లు చూస్తారు. నొప్పి పూర్తిగా సున్నా కావాలని కోరుకోనక్కరలేదు. మితం అంటే ఇదే.

దారి తప్పేది ఎక్కడో కూడా తెలుసుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో గర్భసంచి ఆపరేషన్లు దేశంలోనే చాలా ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపించాయి. ఆ ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలపాటు బరువులు ఎత్తకూడదు. కానీ కూలి పోతుందని నొప్పి బిళ్ళ మింగి మిరప కోతకో, పత్తి ఏరడానికో వెళ్లిపోయే అక్కచెల్లెళ్లు ఉన్నారు. ఒళ్లు "ఆగు" అని చెబుతుంటే ఆ మాట వినపడకుండా చేసుకోవడం అది. తప్పు ఆమె ఒక్కదానిదే కాదు, ఇంటిదీ, ఊరిదీ కూడా. ఆ వారాల్లో ఆమె వాటా పని, ఇంటి ఖర్చు ఎవరు పంచుకుంటారో సంఘంలో కూర్చుని మాట్లాడుకోవాలి. రోగికి సేవ అంటే అదీ సేవే.

నొప్పి తగ్గాక కూడా నిద్ర కోసం, దిగులు మరిచిపోవడం కోసం మత్తు మాత్ర కావాలనిపిస్తే, అక్కడ ఐదవ శీలం మాట్లాడుతుంది. "నొప్పికని" క్వార్టర్ తాగడమైతే చెప్పనక్కరలేదు. ట్రమడాల్ మీద మద్యం తాగితే శ్వాసే ఆగిపోవచ్చు. గతంలో తాగుడు అలవాటు ఉండి మానినవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. అందులో సిగ్గు లేదు. దాన్ని బట్టి మాత్రలు మారుస్తారు.

మగత లేకుండా ధ్యానం చేసుకోవాలనుకునేవాళ్లు కూడా డాక్టరును అడగండి. పారాసిటమాల్ వంటివాటితో సరిపోతే గట్టి మాత్ర అక్కర్లేదు. మీ అంతట మీరు మానెయ్యవద్దు, మీ అంతట మీరు పెంచవద్దు. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు కూడా పారాసిటమాల్ రోజుకు 4 గ్రాములు దాటకూడదు. అంతకు మించితే కాలేయం పాడవుతుంది. జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది కాబట్టి చీటీ చూసుకోండి. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మెడికల్ షాపులో అడిగి కొనుక్కోకూడదు.

"సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత ఉంది?" అని సిస్టర్ అడిగితే ఏడు ఉన్నప్పుడు ఏడనే చెప్పండి. ఇంట్లోవాళ్లు కంగారుపడతారని మూడు అనొద్దు. అబద్ధం ఆడననే శీలం మన నొప్పి విషయంలోనూ వర్తిస్తుంది.

మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక్క క్షణం ఆగి అడగండి: నొప్పి ఎంత ఉంది? ఇది వేసుకుని నేను ఏం చెయ్యబోతున్నాను? లేచి నడవడానికా, నెమ్మదిగా నిద్రపోవడానికా, దేన్నైనా మరిచిపోవడానికా? ఆ జవాబు మీకు స్పష్టంగా తెలిస్తే శీలం మీ దగ్గరే ఉంది. నీళ్లు తాగి మాత్ర వేసుకోండి. మిగిలిన నొప్పిని వచ్చే శ్వాసతో, పోయే శ్వాసతో చూడండి. త్వరగా కోలుకోండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.