పాత ఆయిల్ ఎవరిది?

నాలుగేళ్ళ క్రితం ఒక శనివారం సాయంత్రం నేనొక మనిషిని మనసులోనే దొంగగా తేల్చేశాను. అతను నిజాంపేటలో మా వీధి చివర ఉండే బైక్ మెకానిక్. అంతకు వారం ముందు అతని దగ్గరే ఇంజన్ ఆయిల్ మార్పించాను. కొత్త ఆయిల్ డబ్బా నేనే కొనిచ్చి, వేరే పనుండి వెళ్ళిపోయి, గంట తర్వాత వచ్చి బండి తెచ్చుకున్నాను. ఆ సాయంత్రం ఏదో అనుమానంతో డిప్‌స్టిక్ తీసి చూస్తే దాని కొసన నల్లటి ఆయిల్ కనిపించింది. కొత్త ఆయిల్ తేనెరంగులో ఉంటుంది, ఆ మాత్రం నాకూ తెలుసు. అంటే అతను మార్చనే లేదు. నా డబ్బా పక్కన పెట్టేసుకుని లేబర్ ఛార్జీ కూడా తీసుకున్నాడు. సాక్ష్యం నా చేతిలోనే ఉంది.

అతన్ని వెళ్ళి అడగలేదు. గొడవెందుకులే అనుకున్నాను, అది నా మర్యాద అని కూడా అనుకున్నాను. అడిగితే అతను చెప్పేది వినాల్సొస్తుంది. విచారణ లేకుండా తీర్పిచ్చుకోవడంలో ఒక సుఖం ఉంది, దాన్ని వదులుకోవాల్సొస్తుంది. ఇకమీదట నా బండి పని నేనే చేసుకుంటానని మాత్రం నిర్ణయించుకున్నాను.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. నా ఉద్యోగంలో అపనమ్మకం ఒక పద్ధతి. ఎవరు రాసిన కోడ్‌నైనా అనుమానంతోనే చదువుతాం. ఆ అనుమానం కోడ్ మీదే ఉండాలి, రాసిన మనిషి మీద కాదు అని జూనియర్లకి పాఠం చెబుతుంటాను కూడా. మెకానిక్ విషయంలో ఆ పాఠం గుర్తు రాలేదు. పైగా నా నిర్ణయానికి పుస్తకాల మద్దతు దొరికింది. 1974లో వచ్చిన రాబర్ట్ పిర్సిగ్ పుస్తకం ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’లో కథకుడు మెకానిక్‌లకి బండి ఇచ్చి దెబ్బతింటాడు. వాళ్ళు శ్రద్ధ లేకుండా విప్పి బిగించి బండిని మరింత పాడుచేస్తారు. చివరికి అసలు లోపం పాతిక సెంట్ల విలువ చేసే చిన్న పిన్నులో ఉందని తేలుతుంది. చేసే పని మీద మనసు పెట్టనివాడు ఆ పనికి ప్రేక్షకుడు మాత్రమేనని అక్కడ పిర్సిగ్ వాదన. చదివి, అవును కదా, అనుకున్నాను. శ్రద్ధ లేనివాడు అతను, ఉన్నవాణ్ణి నేను.

మరుసటి ఆదివారానికి సరంజామా సిద్ధం చేశాను. రింగ్ స్పానర్ల సెట్టు, గరాటు, కొత్త వాషర్, నైట్రైల్ గ్లవ్స్, ఇంట్లో ఓ పాత ప్లాస్టిక్ బేసిన్. వీటికైన ఖర్చుతో మెకానిక్‌కి నాలుగైదేళ్ళ లేబర్ ఇవ్వొచ్చు. వీడియోలో ఒకతను ఈ పనంతా ఎనిమిది నిమిషాల్లో ముగించాడు. నాకు మూడు గంటలు పట్టింది, అదీ ముగియలేదు.

ముందుగా ఇంజన్‌ని ఐదు నిమిషాలు నడిపి ఆపాలి, ఆయిల్ వేడెక్కి పల్చబడితే అడుగున ఉన్న మడ్డి కూడా వచ్చేస్తుంది. అంతవరకూ బాగానే జరిగింది. డ్రెయిన్ బోల్టు ఇంజన్ అడుగున, నేలవైపు చూస్తూ ఉంటుంది. పైనుంచి వంగి స్పానర్ వేస్తే విప్పే దిక్కు తారుమారవుతుంది. నేను విప్పుతున్నాననుకుని పావుగంట దాన్ని బిగించాను. చివరికి పార్కింగ్ నేలమీద పడుకుని, కింద నుంచి చూస్తూ విప్పాను. ఊడిన బోల్టు బేసిన్‌లో పడింది, వేడి ఆయిల్ మోచేతి మీదుగా చొక్కాలోకి పోయింది, మిగిలిన ధారలో సగం బేసిన్ అంచు దాటి గచ్చు మీద పరుచుకుంది. మా వాచ్‌మన్ నేను అడగకముందే ఇసుక తెచ్చి చల్లాడు. వాళ్ళావిడ చీపురు తెచ్చి ఊడ్చింది. నా పని నేను చేసుకోవడానికి అప్పటికే ముగ్గురం అయ్యాం.

కొత్త వాషర్ వేసి బోల్టు బిగించాను. కొత్త ఆయిల్ పోసి ఇంజన్ స్టార్ట్ చేశాను. బోల్టు దగ్గర సన్నని తడి మెరిసింది. అది ఇందాక కారిన ఆయిలే కావచ్చు, ఒకసారి గుడ్డతో తుడిచి చూడాల్సింది. నేను స్పానర్ అందుకుని ఇంకొంచెం బిగించాను. నమ్మకం కుదరక మళ్ళీ ఇంకొంచెం. మూడోసారి బోల్టు అకస్మాత్తుగా మెత్తగా, ఏ పట్టూ లేకుండా గుండ్రంగా తిరిగింది. బోల్టు ఉక్కు, దాన్ని పట్టుకునే ఇంజన్ కేసింగ్ అల్యూమినియం. ఆ పోరులో ఎప్పుడూ ఓడేది అల్యూమినియమే. నా కోడ్ తప్పయితే పాత వెర్షన్‌కి తిరిగి వెళ్ళిపోతాను. ఊడిపోయిన థ్రెడ్‌కి పాత వెర్షన్ ఉండదు. కొత్త ఆయిల్ కూడా బొట్టుబొట్టుగా కారి ఆ బేసిన్‌లోకే చేరింది.

బండి తోసుకుంటూ వెళ్ళింది అతని దగ్గరికే. ఆదివారం ఆ చుట్టుపక్కల తీసున్న షాపు అదొక్కటే.

“బోల్టు లూజయింది భాయ్,” అన్నాను.

అతను కింద కూర్చుని వేలితో తడిమి చూశాడు. “లూజ్ కాలే సార్. టైట్ ఎక్కువైంది,” అన్నాడు. “మీరే మార్చిన్రా?”

తలూపాను.

“ఆయిల్‌ని ఆపేది వాషర్ సార్. బోల్టు ఊకె పట్టుకోని ఉంటది. గంతగనం బలం ఎందుకు?”

ఎగతాళి చేయలేదు. ట్యాప్ కొట్టి, ఒక సైజు పెద్ద బోల్టు ఎక్కించి, నేను పక్కనే నిలబడి చూస్తుండగా కొత్త ఆయిల్ పోసి పంపాడు. బోల్టు ఎంత బిగించాలో మాన్యువల్‌లో న్యూటన్ మీటర్లలో ఒక అంకె ఉంటుంది. అతను ఏ అంకే చూడలేదు. చేతికి ఆనగానే ఆగిపోయాడు. నాకు లేనిది ఆ ఆగడమే. అతని మీద పడిన అనుమానమే ఆ మధ్యాహ్నం బోల్టు మీద కూడా పడింది.

వారం తర్వాత డిప్‌స్టిక్ తీసి చూశాను. కొసన ఆయిల్ నల్లగా ఉంది.

నా కళ్ళ ముందు పోసిన ఆయిల్ అది. అప్పుడు కూర్చుని చదివితే తెలిసింది. ఎంత శ్రద్ధగా ఖాళీ చేసినా ఇంజన్ గోడలకీ మూలలకీ కొంత పాత ఆయిల్ అంటుకునే ఉంటుంది. పాత బళ్ళలో అది ఇంకా ఎక్కువ. కొత్త ఆయిల్‌లో కలిపే డిటర్జెంట్ రసాయనాలు లోపలి మసిని కడిగి తమలో నిలుపుకుంటాయి. అందుకే తొందరగా నల్లబడుతుంది. అంటే ఆ నలుపు ఆయిల్ తన పని తాను చేస్తోందనడానికి గుర్తు. దానివల్ల మెకానిక్ మోసం చేయలేదని రుజువు కాలేదు, నా దగ్గర సాక్ష్యమన్నదే లేదని మాత్రం రుజువైంది. అతనికి తన మీద పడిన నిందా తెలియదు, దాన్ని కొట్టేసిన సంగతీ తెలియదు. క్షమాపణ చెబుదామంటే ముందు నేరం ఒప్పుకోవాలి. అది నేను ఇప్పటికీ చేయలేదు.

ఇంతవరకూ చెప్పింది నవ్వుకోదగ్గ కథే. ఆ ఆదివారం రాత్రి జరిగింది మాత్రం అలాంటిది కాదు.

బేసిన్‌లో పాతదీ కొత్తదీ కలిసి రెండు లీటర్లకి కాస్త తక్కువగా ఆయిల్ ఉంది. దాన్ని ఏంచేయాలో ఏ వీడియోలోనూ చూసిన గుర్తు లేదు. హన్నా ఆరెంట్ 1958లో రాసిన ‘ది హ్యూమన్ కండిషన్’లో మనుషుల పనిని విడదీసి చూపిస్తుంది. ఒక రకం పని వెనకాల ఏదో ఒక వస్తువు నిలుస్తుంది, బల్లలాగా, ఇల్లులాగా. ఇంకో రకం పని బతుకు గడవడానికి రోజూ మళ్ళీ మళ్ళీ చేయాల్సిందే, దాని వెనకాల ఏమీ మిగలదు. వంట, ఊడ్పు, కడుగుడు ఈ రెండో రకం. ఆయిల్ మార్చడం కూడా ఇందులోకే వస్తుందనిపిస్తుంది. అయితే ఒక తేడా ఉంది. ఈ పని వెనకాల ఒక లీటరు నల్లటి ద్రవం మిగులుతుంది. మసి, లోహపు రజను, సగం కాలిన రసాయనాలు అందులో ఉంటాయి. ఒక్కసారి ఆయిల్ మార్చగా వచ్చే పాత ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల మంచినీటిని, అంటే దాదాపు 38 లక్షల లీటర్లని, పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ హెచ్చరిస్తుంది. అది కారు లెక్క అనుకున్నా, బైకు వాటా చిన్నదేమీ కాదు.

ఈ అంకెలు నాకు అప్పుడు తెలియవు. కానీ అది మంచి పని కాదని తెలుసు. తెలుసు కాబట్టే రాత్రి పదకొండు దాకా ఆగాను. మా అపార్ట్‌మెంట్ పక్కన ఒక ఖాళీ ప్లాటు ఉంది. ప్రహరీ పక్కన, సర్కారు తుమ్మ మొక్కల మధ్య బేసిన్ వంపేసి, పైకొచ్చి సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని పడుకున్నాను.

మరుసటి వానాకాలం గడిచినా ఆ మరక పోలేదు. మా బాల్కనీలోంచి కనిపిస్తుంది. చుట్టూ గడ్డి మొలిచింది, అక్కడ మొలవలేదు. మా బోరు అక్కడికి నలభై అడుగులుంటుందేమో. నీళ్ళకేమైనా అయిందని నేను చెప్పలేను. ఆ తర్వాత పంపు తిప్పినప్పుడల్లా ఒకసారి వాసన చూడటం మాత్రం నాకు అలవాటైంది.

మనకి ‘చేతులు దులుపుకోవడం’ అనే మాట ఉంది. దుమ్ముతో, మట్టితో పనిచేసిన వాళ్ళ నుంచి పుట్టిన మాటై ఉంటుంది. దుమ్ము దులిపితే పోతుంది. ఆయిల్ దులిపితే పోదు, పక్కవాటికి అంటుకుంటుంది. ‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అనే సామెత కూడా ఉంది. ఎద్దుబండి ఇరుసుకి వేసిన కందెన దారి పొడుగునా అరిగి, మట్టిలో కలిసి, ఎవరికీ లెక్క చెప్పకుండా పోయేది. మన ఊళ్ళలో వాడిపారేసినది ఎక్కడికి పోతుందని అడిగే అలవాటు అంతగా లేకపోవడానికి అదొక కారణం కావచ్చు. అప్పట్లో చాలావరకు మట్టిలోకే పోయేది, మట్టి కూడా ఒప్పుకునేది.

చట్టానికి ఆ అలవాటు ఉంది. మన దేశంలో 2016 నాటి నియమాల ప్రకారం వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. అనుమతి ఉన్న రీసైక్లర్లకే చేరాలి. శుద్ధి చేస్తే మళ్ళీ బేస్ ఆయిల్ అవుతుంది కూడా. డాలస్‌లో ఉన్న నా ఇంజనీరింగ్ ఫ్రెండ్ తన కారు ఆయిల్ తనే మార్చుకుని, పాతది డబ్బాలో పోసి విడిభాగాల షాపుకి తీసుకెళ్తాడు. వాళ్ళు ఊరికే తీసుకుంటారు. అతని నిజాయితీ నాకంటే గొప్పదేమీ కాదు, మేమిద్దరం ఒకే హాస్టల్‌లో ఒకే బకెట్లు దొంగిలించినవాళ్ళం. అక్కడ మంచి పని చేయడానికి ఒక చోటు ఉంది, అంతే. అయినా అక్కడితో నా బాధ్యత తీరిపోయిందని అనలేను. చోటు వెతకడానికి నేను ఒక్క ఫోన్ కూడా చేయలేదు.

రెండో ఏడాది వెతికాను. దొరికింది మళ్ళీ ఆ మెకానికే. ఆయిల్ నేనే మార్చుకుని, పాతది డబ్బాలో పట్టుకెళ్ళి అతని ముందు నిలబడ్డాను. “ఇయ్యుండ్రి, డ్రమ్ముల పోస్త,” అన్నాడు. డబ్బులివ్వబోతే వద్దన్నాడు. ఇది ఎక్కడికి పోతుంది భాయ్ అని అడిగాను. ట్రాలీ ఆటో ఒకటి వస్తుందట. కొంత సెంట్రింగ్ వాళ్ళు రేకులకి పూయడానికి కొంటారట. “మిగిలింది ఏడికి పోతదో మాకేం ఎర్క సార్.”

మాట్లాడుతూ గ్లవ్స్ లేని చేతులతోనే డబ్బా వంచాడు. గోళ్ళ చుట్టూ, అరచేతి గీతల్లో నలుపు ఇంకిపోయి ఉంది. ఏడాదికి ఒక గంట పని కోసం నేను గ్లవ్స్ కొనుక్కున్నాను. అతనిది ఏడాది పొడుగునా అదే పని. మరుసటి వారం ఒక గ్లవ్స్ పెట్టె తీసుకెళ్ళి ఇచ్చాను. వాటితో బోల్టు చేతికి తెలియదన్నాడు. పెట్టె షెల్ఫు మీద అలాగే ఉంది.

సొంతంగా చేసుకుంటే స్వేచ్ఛ దొరుకుతుందని మొదలుపెట్టాను. అది దొరకలేదు. ఇసుకకి వాచ్‌మన్, థ్రెడ్‌కి మెకానిక్, మిగిలిన దానికి ట్రాలీ ఆటో, అన్నిటికీ ఎవరో ఒకరు కావాల్సొచ్చింది. దొరికింది ఏమిటంటే, నాకు తెలియదు అనే వెసులుబాటు పోయింది. డబ్బులిచ్చి పని చేయించుకున్నన్నాళ్ళూ నా పాత ఆయిల్ ఏమైందని ఒక్కసారైనా అడగలేదు. ఆ ఒక లీటరుతో పాటు దాని పాపాన్ని కూడా అతని డ్రమ్ములో పోసి వస్తున్నానని తెలియలేదు. అతను నన్ను మోసం చేశాడా అన్న ప్రశ్న నన్ను వారాల తరబడి తిన్నది. నా మురికి ఎవరు మోస్తున్నారన్న ప్రశ్న ముప్పై ఏళ్ళు దాటినా ఆకలి వేయించలేదు.

పోయిన వేసవిలో ఒక పలుగు, పార అడిగి తీసుకుని ఆ మరక తవ్వాను. జానెడు లోతులో కూడా మట్టి నల్లగానే ఉంది, వాసన ఉంది. ఒక సిమెంట్ బస్తా నిండింది. దాన్ని పార్కింగ్‌లో నా బండి వెనకాల పెట్టాను. చెత్త బండివాళ్ళు తీసుకోమన్నారు. మెకానిక్ మట్టిని ఏం చేసుకుంటాడు? మునిసిపల్ ఆఫీసులో ఇద్దర్ని అడిగాను, మూడో వాళ్ళని అడగమన్నారు.

వాచ్‌మన్ నెలకోసారి గుర్తుచేస్తుంటాడు. “ఈ బస్తా ఎప్పుడు తీస్తారు సార్?”

చూస్తానని చెబుతున్నాను.