చికిత్సావిధానమును న్యాయస్థానము విచారింపవచ్చునా?

2020వ సంవత్సరము ఏప్రిల్ 30వ తేదీన భారత సుప్రీంకోర్టు ముందునకు ఒక యర్జీ వచ్చినది. కోవిడ్ సోకి తీవ్రావస్థలో నున్న రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ అను మలేరియా మందును, అజిత్రోమైసిన్ అను మఱొక మందును గలిపి యీయవచ్చునని కేంద్ర ఆరోగ్యశాఖవారు అంతకు నెలదినముల ముందు సూచించి యుండిరి. ఈ రెంటి కలయిక గుండెకు ప్రమాదకరము కావచ్చుననియు, ఆ సూచనను మార్పింపవలెననియు అర్జీదారుల ప్రార్థన. మన తెలుగువారైన నూతలపాటి వెంకటరమణగారు ఉన్న ధర్మాసనము, చికిత్స యిట్టిదని నిర్ణయించుట వైద్యుల పనియే కాని న్యాయస్థానముల పని కాదని పలికి, అర్జీని విన్నపముగా స్వీకరింపుమని భారత వైద్య పరిశోధన మండలికి పంపివైచినది.

ఇందు ధర్మసందేహమేమని చదువరు లడుగవచ్చును. సందేహము తరువాతి కథవలన బుట్టినది. ఆ జూన్ 5వ తేదీన ఇంగ్లండులోని రికవరీ పరిశోధకులు తమ ఫలితమును వెల్లడించిరి. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చిన 1542 మంది రోగులలో ఇరువదియెనిమిది దినములలోపల నూటికి 25.7 మందియు, ఆ మందు లేక సాధారణ చికిత్స పొందిన 3132 మందిలో నూటికి 23.5 మందియు మరణించిరి. మందువలన మేలు లేదని తేలినది. అయినను మన దేశపు చికిత్సాసూచనలనుండి అది తొలగినది 2021 సెప్టెంబరులో. అనగా అర్జీదారుల శంక నిర్మూలమైనది కాదు. వారిని ఏ నిపుణుల చెంతకు బొమ్మనిరో ఆ నిపుణులే పదునైదు నెలలు జాగు చేసిరి.

అయినచో ధర్మాసనము పొరపడినదా? మేమట్లు తలపము. ఆనాడే న్యాయమూర్తులు ఆ మందును నిషేధించి యుండిన, తుదకు నిజమైన మాటయే చెప్పినవారగుదురు. కాని యది కాకి వాలుటయు తాటిపండు పడుటయు నొక్కమాఱు సంభవించిన చందమగును. ఏప్రిల్ నెలలో ఆ నిజమును తెలిసికొను సాధనము వారియొద్ద లేదు, వైద్యులయొద్దను లేదు. వేలమంది రోగులను చీట్లు తీసినట్లు రెండు తెగలుగా విడదీసి, ఒక తెగకు మందిచ్చి, రెండవ తెగకు ఈయక, చచ్చినవారిని బ్రతికినవారిని లెక్కపెట్టినగాని ఆ సంగతి తేలదు. న్యాయస్థానములో రోగులు లేరు. ఇద్దఱు వకీళ్లును, కొన్ని ప్రమాణపత్రములును గలవు. ఎవరి వాదము నేర్పుగలదో అచ్చట తేలవచ్చును. ఏ మందు గుణమిచ్చునో తేలదు.

మఱియొక చిక్కు కలదు. వైద్యుని సూచన నేడు వ్రాసి రేపు దిద్దుకొనదగినది. దిద్దుకొనుటయే దాని ధర్మము. తీర్పట్టిది కాదు. అది వెలువడినపిమ్మట క్రింది న్యాయస్థానముల నెల్ల గట్టివైచును. మార్పింపవలెనన్న మరల వ్యాజ్యము, మరల వాయిదా. నెలకొక తీరున రూపు మార్చు రోగమును, యేండ్లకొలది నిలువవలసిన తీర్పుతో గట్టుట యెట్లు? అమెరికాలోని ఒహయో రాష్ట్రమున 2021 ఆగష్టులో ఒక న్యాయమూర్తి, ఐవర్‌మెక్టిన్ అను మందును రోగి కిమ్మని ఆసుపత్రివారి నాజ్ఞాపించెను. పదునాలుగు దినములకు అదే న్యాయస్థానమునందలి మఱొక న్యాయమూర్తి ఆ యాజ్ఞను రద్దు చేసెను. ఆ రెండు వారములలో శాస్త్రము మారలేదు. పీఠముపై గూర్చున్నవారు మారిరి.

ఇంతవఱకు మాతో నొప్పుకొన్న చదువరియు ఇచ్చట నొక గట్టి ప్రశ్న వేయును. నిపుణులని పేరుపెట్టుకొన్నవారు జాగు చేయుచుండగా, ప్రజల ప్రాణములు పోవుచుండగా, న్యాయస్థానము చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? ఇది తేలికగా ద్రోసివేయదగిన ప్రశ్న కాదు. కోలుకొన్నవారి రక్తమునుండి తీసిన ప్లాస్మావలన రోగము ముదురకుండుట గాని మరణము తగ్గుట గాని లేదని, మన దేశములోనే 39 ఆసుపత్రులలో 464 మందిపై జరిగిన పరిశోధన 2020 అక్టోబరునాటికే ప్రకటితమైనది. సూచనలనుండి దానిని తొలగించినది 2021 మే 17వ తేదీన. నడుమ రెండవ యుప్పెన వచ్చి, ఎన్ని కుటుంబములో ఆ ప్లాస్మాకొఱకు ఊరెల్ల తిరిగి, తెలియనివారి కాళ్లపై బడినవి. న్యాయస్థానముల నిగ్రహమునకు వెల కలదు. ఆ వెలను రోగులే చెల్లించిరి. దీనిని దాచి నిగ్రహమును గొనియాడుట నిజాయితీ కాదు.

కాని ఆ జాగునకు మందు, న్యాయమూర్తి వైద్యుడగుట కాదు. ఏ యాధారముతో సూచన చేసితిరి, క్రొత్త యాధారము వచ్చినపుడు మరల సమావేశమైతిరా, ఆ కాగితములను ప్రజలకు జూపుదురా అని యడుగుటకు వైద్యవిద్య యక్కఱలేదు. ఈ దేశములో అంటురోగముల చట్టము 1897లో బొంబాయి ప్లేగునాడు పుట్టినది. దానిక్రింద సద్భావముతో పనిచేసినవారిపై వ్యాజ్యము తగదని అందొక నిబంధన గలదు. అధికారమునకు అంత రక్షణ గల చోట, కారణమడుగువా డొక్కడైన నుండవలదా?

కారణ మడుగుట వేఱు, ఆగ్రహముతో రాజ్యమేలుట వేఱు. 2021 మే 17వ తేదీన అలహాబాదు హైకోర్టు, ఉత్తరప్రదేశములోని పల్లెల దురవస్థను జూచి మనసు కలగి, ఒక నెలలోపల ప్రతి గ్రామమునకు తీవ్రచికిత్సా సాధనములు గల యంబులెన్సులు రెండేసి యుండవలెనని యాదేశించినది. ఆ రాష్ట్రమున గ్రామములు తొంబదివేలకు పైబడి యున్నవి. ఆచరింపరాని యాజ్ఞ యీయరాదని సుప్రీంకోర్టు నాలుగు దినములలో దానిని నిలిపివైచినది. ఆ న్యాయమూర్తుల దుఃఖము సత్యమైనదే. కాని జరుగని యాజ్ఞ యొకటి వెలువడినంత, తరువాతి యాజ్ఞలకు గల గౌరవమును తరిగిపోవును.

ఆ మే నెలలోనే మన నడుమ జరిగినది చూడుడు. ఆంధ్రప్రదేశమునుండి హైదరాబాదుకు రోగులను గొనిపోవు వాహనములను తెలంగాణ పోలీసులు సరిహద్దున నిలిపివైచిరి. ఊపిరి యాడని రోగి వాహనములోనే యుండగా, బంధువులు పోలీసులను బ్రతిమాలుకొనవలసి వచ్చినది. ముందుగా అనుమతి లేనిదే పొరుగు రాష్ట్రపు రోగులు రాగూడదని మే 11వ తేదీన ప్రభుత్వము ఉత్తరువు చేసినది. 14వ తేదీన తెలంగాణ హైకోర్టు దానిని నిలిపివైచినది. (2014 విభజన చట్టము ప్రకారము హైదరాబాదు ఆనాటికి రెండు రాష్ట్రములకును ఉమ్మడి రాజధానియే యను సంగతి సరిహద్దున నిలిచినవారికి జ్ఞాపకము లేకపోయెను గాబోలు!) ఈ యాజ్ఞకై న్యాయమూర్తులు ఊపిరితిత్తులనుగూర్చి యేమియు నేర్వవలసిన పని లేకపోయినది. పౌరుడు చికిత్సకై దేశములో నొకచోటనుండి మఱొకచోటికి బోవచ్చునా యనునది న్యాయశాస్త్రపు ప్రశ్న. అది వారి యింటి ప్రశ్న. అచ్చట నిగ్రహించుటయే అధర్మ మయ్యెడిది.

టీకాల విషయమును ఇట్టిదే. ఏ టీకా మేలైనదని సుప్రీంకోర్టు చెప్పలేదు. పదునెనిమిదినుండి నలువదినాలుగేండ్ల వయసువారిని కేంద్రపు ఉచిత టీకానుండి వేఱుచేసి రాష్ట్రములకును ప్రైవేటు ఆసుపత్రులకును వదలుట, పైకి జూడగా హేతుబద్ధముగా లేదని 2021 మే 31వ తేదీన పలికి, ఆ నిర్ణయపు కాగితములను దెమ్మన్నది. జూన్ 7న ప్రధానమంత్రి విధానమును మార్చెదమని ప్రకటించిరి. ఒక్కొక్కప్పుడు అడుగుటయే చాలును.

నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున ఆనందయ్యగారి మందుకొఱకు వేలకొలది జనులు గూడినపుడును హైకోర్టులో వ్యాజ్యములు పడినవి. కంటిచుక్కలు తప్ప తక్కిన మందులకు ప్రభుత్వ మనుమతించినది. వానివలన హాని లేదనినదే కాని గుణము కలదని యనలేదు. ఈ రెంటి భేదమును గుంపులో నిలిచినవారికి ఎవరైన విప్పి చెప్పిరో లేదో మేమెఱుగము. చెప్పవలసినవారు మాత్రము న్యాయమూర్తులు కారు.

2022 మే 2వ తేదీన సుప్రీంకోర్టు ఈ వివాదమునకు కొంత రూపు గల్పించినది. ఎవరికిని బలవంతముగా టీకా వేయరాదు, దేహము పౌరునిది. కాని ప్రభుత్వపు టీకావిధానము అహేతుకమనుటకును వీలులేదు. నిపుణుల మతభేదములను తూచుట న్యాయస్థానపు పని కాదు. టీకా వేసుకొనని వారిని తావులనుండి వెలివేసిన రాష్ట్రముల ఆంక్షలు మాత్రము అప్పటి యాధారములనుబట్టి తగినవి కావు. టీకావలన గలిగిన కీడులను ప్రజలును వైద్యులును తెలియజేయుటకు, అందఱును చదువుటకు వీలుగా వానిని ప్రకటించుటకు ఏర్పాటు చేయవలెనని కూడ ధర్మాసనము ఆదేశించినది. మా దృష్టిలో ఆ తీర్పునందలి మిక్కిలి విలువగల పంక్తులివియే. వీనిని గూర్చి పత్రికలలో జరిగిన చర్చ బహుస్వల్పము.