నీళ్ళు రోజూ తోడాలి



ఒక ఆదివారం దివ్యబలిపూజలో, క్రీస్తు ప్రభువు గలిలీయ సముద్రంపై తుఫానును గద్దించిన ఘట్టం మీద గట్టిగానే ప్రసంగించాను. పూజ అయ్యాక మా విచారణలోని ఒక సరంగు నా దగ్గరకు వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా విశాఖ రేవునుండి వేటకు వెళ్ళేవాడు. "తుపాను ఎప్పుడో గానీ రాదు ఫాదరు గారూ. బోటులో నీళ్ళు మాత్రం రోజూ తోడాల" అన్నాడు. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివిన నాకు వెంటనే జవాబు తోచలేదు.

మరబోటు వేటకు బయలుదేరితే పదిహేను ఇరవై రోజులు ఆ ఏడెనిమిది మందికి అదే ఇల్లు. వల లాగడం ఒక పని అయితే, మిగిలినవి వంద. డ్రమ్ముల్లోని మంచినీళ్ళు తాగడానికీ వంటకీ పొదుపుగా వాడాలి. స్నానం సముద్రపు నీళ్ళతోనే. ఐసు పగలగొట్టి చేపల మీద పరచాలి. ఇంజనులో ఆయిల్ చూడాలి. బల్లల సందుల్లోంచి ఊరిన నీటిని తోడి పారబోయాలి. ఒక్కరోజు బద్ధకిస్తే ఆ నీరు మర్నాటికి రెట్టింపు అవుతుంది.

మార్కు సువార్త మొదటి అధ్యాయం తీసి చూడండి. ప్రభువు పిలిచినప్పుడు యాకోబు, యోహాను పడవలో కూర్చొని వలలు బాగుచేసుకుంటున్నారు. వారు తండ్రిని, పడవను విడిచి వెళ్ళిన సంగతి మనందరికీ జ్ఞాపకమే. కాని ఆ చిరిగిన వల మీద నేను ఏనాడూ ప్రసంగం చెప్పలేదు.

1986లో అనావృష్టివల్ల గలిలీయ సరస్సు నీరు తగ్గి, గిన్నోసారు దగ్గర బురదలో ఒక పాత పడవ బయటపడింది. సుమారు 27 అడుగుల పొడవు, ప్రభువు కాలానికి చెందినది. ఆయన ఎక్కినది అదేనని ఎవరూ చెప్పలేరు. దానిలో పది పన్నెండు రకాల కలప ఉంది! ఎక్కడ పుచ్చితే అక్కడ, దొరికిన చెక్క ముక్కతో అతుకు వేస్తూ ఎవరో పేదవాళ్ళు దానిని ఏళ్ళ తరబడి నడిపారు.

ఇంతకీ ఆ సరంగు భార్య ఒకరోజు గుడి మెట్ల మీద నాతో మొరపెట్టుకొంది. (పాపసంకీర్తనంలో కాదు, ఇద్దరి అనుమతితోనే వ్రాస్తున్నాను.) "బోటులో అందరికీ అన్నం వండుతాడంట బాబూ. ఇంట్లో తిన్న కంచం తియ్యడు. మాటా మాటా వస్తే వారం రోజులు పలకడు."

అతడిని పిలిచాను. "బోటులో నీళ్ళు వారం రోజులు తోడకుండా ఉంటావా?" అన్నాను. తల వంచుకున్నాడు. ఉత్థాన ప్రభువే ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి శిష్యులకు అల్పాహారం పెట్టాడని యోహాను సువార్త చెబుతోంది గదా, నీకు కంచం కడగడం చిన్నతనమా అని కూడా అడిగాను. మగవారికి నా మాట కోపం తెప్పిస్తే తెప్పించనీయండి.

ఏప్రిల్ 15నుండి జూన్ 14వరకు మన తీరంలో మరబోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో అతడు ఇంట్లోనే ఉన్నాడు. ఒక ఆదివారం ఆమెను అడిగాను. "రెండు రోజులు కంచం తీశాడు, మూడోరోజు మానేశాడు" అంది. కాస్త ఆగి, "మొన్న పోట్లాడుకున్నాం. రాత్రికే పలికాడు" అంది.