ఉగాది సంకల్పము - లక్కమ్మ కొలత

చైత్ర శుద్ధ పాడ్యమి నాడు తెలుగువారి ఇంట వేపపూత, కొత్త బెల్లము, చింతపండు, మామిడి పిందెలు చేరిన పచ్చడి సిద్ధమగును. సాయంకాలము దేవాలయ మండపమునందో, ఊరి రచ్చబండ చెంతనో సిద్ధాంతిగారు పంచాంగము విప్పి, ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత యని చదివి వినిపింతురు. వినువారిలో కొందరు సంతోషింతురు, కొందరు దిగులు చెందుదురు. పది దినములు గడచిన పిమ్మట ఆ అంకెలు జ్ఞప్తియందుంచుకొనువారు అరుదు.

గ్రహములిచ్చు ఆదాయమును గూర్చి చెవియొగ్గి వినిన గృహస్థు, తన చేతిలోనున్న ఆదాయ వ్యయములను గూర్చి మాత్రము విచారింపడు. రానున్న సంవత్సరమున ఏమి చేయవలెను? ఎంత చేయవలెను? ఎవరికొరకు చేయవలెను? ఈ మూడు ప్రశ్నలకును ఏ పంచాంగమునందును సమాధానము దొరకదు. శుభలగ్నముల కొరకు వేచియుండుటను బసవేశ్వరుడు మెచ్చలేదు. శివభక్తులు సత్కార్యమునకు పూనుకొనిన సమయమే శుభసమయమని ఆ మహనీయుని బోధ. కావున ఉగాది యొక సందర్భము మాత్రమే. ఆనాడు భక్తుడు చేపట్టు నియమమే ఆ సంవత్సరమునకు ఫలమొసగవలెను.

కోరికకును నియమమునకును గల భేదమును ముందుగా తెలిసికొనవలెను. "ఈ ఏడు అప్పులు తీరవలెను", "పిల్లవాడు బాగుగా చదువవలెను", "శివపూజ తప్పక జరుగవలెను" అనునవి కోరికలు. వీనియందు కర్త కానరాడు, కాలము కానరాదు, కొలత కానరాదు. అందుచేతనే ప్రతి ఉగాదికిని అవే కోరికలు మరల మరల పుట్టుచుండును. ఎవరు, ఎప్పుడు, ఎంత అను మూడును చేరినప్పుడే కోరిక నియమమగును.

వీరశైవ సిద్ధాంతమునందలి షట్‌స్థలములలో మొదటిది భక్తస్థలము, రెండవది మహేశ్వరస్థలము. భక్తస్థలమునకు శ్రద్ధయు, మహేశ్వరస్థలమునకు నిష్ఠయు లక్షణములని పెద్దలు నిర్ణయించిరి. ప్రసాదిస్థలమునకు అవధానము లక్షణము. ఈ వరుసయందు గొప్ప అంతరార్థము కలదు. ఉగాది ప్రాతఃకాలమున తలంటి, నూతన వస్త్రములు ధరించి, ఇష్టలింగమును కరపీఠమునందుంచుకొనినప్పుడు శ్రద్ధ అందరికిని కలుగును. ఆషాఢమాసపు పనుల ఒత్తిడిలో, కార్తికమాసపు చలిలో అదే నియమమును నిలుపునది నిష్ఠ. నిలుపుచున్న నియమము నోటి మాటగా మారిపోకుండ కాచునది అవధానము. శ్రద్ధ యొక్కటే చాలునని యెంచువాని సంకల్పము పచ్చడి గిన్నె కడుగుటతోనే ముగియును.

నియమమునకు కొలత యెట్లుండవలెనో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల చరిత్రము తెలుపును. వీరు 12వ శతాబ్దమున, నేటి రాయచూరు జిల్లాలోని అమరేశ్వర ప్రాంతమునుండి కల్యాణమునకు చేరిన శరణులు. కన్నడమున 'ఆయ్ద అక్కి' యనగా ఏరిన బియ్యము. బసవేశ్వరుని మహామనె ముంగిట నేలపై రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యమును వండి, జంగములకు అర్పించి, శేషమును ప్రసాదముగా స్వీకరించుట ఆ దంపతుల నియమము.

ఒకనాడు మారయ్య నిత్యముకంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ మూటను చూచినంతనే భేదమును గ్రహించెను. ఈ అధికము భర్త మనస్సున పుట్టిన ఆశయా, లేక బసవన్న చేసిన పరీక్షయా యని ప్రశ్నించెను. నిత్యపు కొలతకు మించిన బియ్యము శివునికి అర్పణ కాజాలదని పలికి, వానిని తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను మరల పంపెను. మారయ్య మారుపలుకక అట్లే చేసెను.

ఆ ఇంట పేదరికము కలదు. అధికముగా వచ్చిన బియ్యము దొంగసొమ్మును కాదు. రేపటికి దాచుకొనిన తప్పేమని లోకము పలుకును. లక్కమ్మ దృష్టి వేరు. రేపటి బియ్యము ఇంటనున్నచో రేపటి కాయకమునకు కాలు కదలదు. అధికమును కోరు మనస్సు ఏనాటికిని ఇది చాలునని యనదు. నియమమునకు తక్కువ చేయుట యెట్లు లోపమో, ఆశచేత మించిపోవుటయు అట్లే లోపమని ఆ సాధ్వి నిరూపించెను.

సంవత్సరారంభమున చేయు సంకల్పములు సాధారణముగా మించుటచేతనే చెడుచున్నవి. ఆజన్మము అర్ధగంట పూజకు కూర్చుండని వాడు, ఇకపై త్రికాల లింగార్చన చేయుదునని ప్రతిన పూనును. నాలుగు దినములు నిలిచి, అయిదవనాడు తప్పును. తప్పినందుకు సిగ్గుపడి, ఉన్న ఒక్క పూట పూజను గూడ విడుచును. వానికి ఒక్క ప్రాతఃకాల పూజను ఏడాది పొడవున నిలుపుటయే తగిన కొలత. అది నిలిచిన పిమ్మట రెండవ పూట తనంతట వచ్చును.

గృహస్థుని అప్పు విషయమున ఈ కొలతను పరిశీలింపవచ్చును. కుమార్తె వివాహమునకు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీపై లక్ష రూపాయలు తెచ్చినవాడు, నెలకు 2,000 రూపాయలు వడ్డీయే చెల్లింపవలెను. అంతమాత్రమే కట్టుచున్నచో సంవత్సరమున 24,000 రూపాయలు చెల్లించినను అసలు రూపాయియైనను తరుగదు. అప్పు తీరవలెనని ఎన్ని ఉగాదులు కోరినను అది అట్లే నిలిచియుండును. ప్రతి మాసము మొదటి దినమున తప్పక 3,000 రూపాయలు చెల్లించు నియమమును పూనినచో, ఏడాది ముగియునప్పటికి అసలులో 13,400 రూపాయలకు పైగా తగ్గును. ఆ అధికపు వేయి రూపాయలు చుట్టలనుండియో, కాఫీ హోటలునుండియో, ఇరుగుపొరుగు మెప్పు కొరకు చేయు వ్యయమునుండియో రావలెను. ఎచటినుండి తీయవలెనో ఆలుమగలు కూర్చుండి నిర్ణయించుకొనవలెను. మారయ్యకు లక్కమ్మ వలె, సంకల్పమునకు ఇంటిలోనే ఒక సాక్షి యుండుట మిక్కిలి మేలు.

తన కొరకు చేసికొను నియమముతోపాటు పరుల కొరకు ఒక పాలు ఉండవలెను. దాసోహము లేని కాయకము సగమే. సంపన్నులకే ఇది సాధ్యమని తలపరాదు. వంటకు బియ్యము కొలుచునప్పుడు ప్రతిదినము ఒక పిడికెడు వేరుగా తీసియుంచు ఆచారము తెలుగు ఇండ్లయందు కలదు. చాంద్రమాన సంవత్సరమునకు 354 దినములు, అధికమాసము వచ్చిన ఏట 384 దినములు. అన్ని పిడికిళ్లు చేరిన కుండ ఒక పేద విద్యార్థికో, దిక్కులేని వృద్ధురాలికో ఆధారము కాగలదు. ఇచ్చిన ఇల్లాలికి బరువు తెలియదు, పుచ్చుకొనినవారికి ఆకలి తీరును.

నియమమును పరీక్షించుకొనుటకు ఏడాది వరకు వేచియుండనక్కరలేదు. చైత్ర శుద్ధ పాడ్యమికిని, వైశాఖ శుద్ధ తదియనాటి బసవ జయంతికిని నడుమ సాధారణముగా 31 లేక 32 దినముల వ్యవధి కలదు. ఉగాదినాడు పూనిన నియమమును బసవ జయంతినాడు పరిశీలించుకొనవలెను. నిలిచినచో ముందునకు సాగవలెను. పలుమార్లు తప్పినచో కొలత పెద్దదైనదని గ్రహించి, తగ్గించి, మరల ప్రారంభింపవలెను. నడుమ ఒకనాడు తప్పినంతమాత్రమున నిరాశ చెందరాదు. కావడి మోయువాడు అలసి దించినను, మరల భుజమున కెత్తుకొనియే ఊరు చేరును.

బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమునకు అధికారిగా ఉన్న కాలమున, రాజధనమును జంగములకు వ్యయపరచుచున్నాడని కొందరు నేరము మోపిరి. ధనమును లెక్కించి చూడగా ఏ లోపమును కానరాలేదని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. కోటానుకోట్ల ధనము చేతుల మీదుగా నడచినను, అడిగిననాడు లెక్క చూపగలిగినవాడు భక్తిభాండారి. సంవత్సరమును భక్తుని చేతికి శివుడు అప్పగించిన భాండారమే. వచ్చు ఉగాదినాడు సిద్ధాంతిగారు ఆదాయ వ్యయములు చదువుటకు పూర్వమే, భక్తుడు ఇష్టలింగము నెదుట తన లెక్క తాను చెప్పుకొనవలెను. చెప్పుకొనదగిన చిన్న నియమము నొకదానిని నేడే పూనుట మేలు.