అడుగుట అవమానమా?



ఉదయము చీకటితోనే మారికుప్పములో రైలెక్కి బెంగళూరు వెళ్ళి, ప్రొద్దు గూకిన తరువాత తిరిగి వచ్చు బిడ్డలు మన కుటుంబములలో అనేకులున్నారు. 2001లో బంగారు గనులు మూతపడిన తరువాత కోలారు గనుల ఊళ్ళలో చాలా పొయ్యిలు ఆ రైలు మీదనే వెలుగుచున్నవి. పోవుటకు రెండు గంటల పైన, వచ్చుటకు అంతే. బంగారుపేట దాటిన తరువాత కాలు పెట్టుటకు చోటుండదు. ఆ రైలులో నాలుగేండ్లుగా పోయివచ్చుచున్న ఒక అమ్మాయి మొన్న వేసవిలో తల్లిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చింది.

"తాతయ్యా, మా ఆఫీసుకు ఒక లెటర్ రాయాలి. ఇంటి నుంచే పని చేసుకోవడానికి పర్మిషన్ అడగాలి. ఏం రాయాలో, ఎంతవరకు రాయాలో తెలియడం లేదు" అన్నది.

ఆ బిడ్డకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని డాక్టర్లు తేల్చి ఏడాది అయినది. కరెంటు తీగ మీద రబ్బరు తొడుగు ఉన్నట్టే మన నరముల మీదను ఒక పొర ఉండును. శరీరమును కాపాడవలసిన శక్తియే దారి తప్పి ఆ పొరను పాడుచేయుట ఈ జబ్బు. ఒకప్పుడు చూపు మసకబారును, ఒకప్పుడు కాలు మొద్దుబారును, ఆ పైన కొన్ని నెలలు ఏమియు లేనట్టే ఉండును. వేడి, అలసట దీనికి పడవు. చూచువారికి మాత్రము మనిషి నిక్షేపముగా కనబడును. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఆ ఉత్తరము విషయములో మూడు మాటలు మా చెవిని పడినవి. తల్లి మాట, "జబ్బు పేరు రాయొద్దండీ, పెళ్ళి కావలసిన పిల్ల." మేనమామ మాట, "నడుము నొప్పి అని సర్టిఫికెట్ పెడితే సరిపోతుంది, నాకు తెలిసిన డాక్టరున్నాడు." మూడవది మన సంఘములోనే వినబడింది, వ్రాయుటకు సిగ్గుగా ఉన్నది: "ఆదివారం చర్చికి వచ్చి పాటలు పాడే పిల్లకు సోమవారం ఆఫీసుకు పోవడానికి ఏమొచ్చింది?"

చర్చి వారి వీధి చివరనే ఉన్నది. అక్కడ గంటన్నర కూర్చొని వచ్చి ఆ అమ్మాయి సాయంత్రము వరకు మంచము దిగదు. ఈ సంగతి మేము తల్లిని అడిగితేనే తెలిసింది. మాట అన్నవారు అడగలేదు.

సహాయము అడుగుట అనగా చేయి చాచుట అని మన పెద్దలు మనకు నేర్పినారు. గనిలో రాతి ధూళి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిన మనుషులను చూచి పెరిగిన ఊరు మనది. ఆయాసము వచ్చుచున్నను చెప్పక, పై పని ఇమ్మని అడుగక, మరునాడు మరల లోపలికి దిగినవారి కథలు మన ఇండ్లలో ఉన్నవి. దానిని మనము ఓర్పు అని మెచ్చుకొన్నాము. అది ఎంతవరకు ఓర్పో, ఎంతవరకు కూలి పోవునను భయమో మనము విడదీసి చూడలేదు. ఈ అమ్మాయి పని మానుదునని అడుగుట లేదు. పని చేయుటకే చోటు మార్చమని అడుగుచున్నది. ఈ రెంటికి చాలా దూరమున్నది.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. మేము ప్రధానోపాధ్యాయులముగా ఉన్న రోజులలో ఒక సహోపాధ్యాయుడు మోకాళ్ళ వాపుతో బాధపడుచు, తన తరగతిని మేడ మీద నుండి క్రిందికి మార్చమని అడిగినాడు. డాక్టరు చీటీ తెమ్మన్నాము, తెచ్చినాడు. "మీకిస్తే అందరూ అడుగుతారు మాస్టారూ" అన్నాము. నిజమునకు మరెవ్వరును అడుగలేదు. ఆయన ఏడాదంతయు కమ్మీ పట్టుకొని మెట్లెక్కి, ముందుగానే రిటైరైనాడు. న్యాయముగా నడచుకొన్నామని అప్పుడు మేము అనుకొన్నాము. అందరిని ఒకే తీరుగా చూచుట న్యాయమని ట్రైనింగులో నేర్చుకొనలేదు. మా సోమరితనమే మాకు అట్లు చెప్పింది. బోర్డు కనబడని పిల్లవానిని ముందు బల్ల మీద కూర్చోబెట్టుటకు ఏ పిల్లవాని అనుమతియు మేము అడుగలేదు గదా!

చట్టము సంగతి కూడా ఆ అమ్మాయికి చెప్పినాము. వికలాంగుల హక్కుల చట్టము 2016లో క్రొత్తగా చేయబడి, 2017 ఏప్రిల్ నుండి అమలులో ఉన్నది. 1995 నాటి చట్టములో ఏడు రకముల వైకల్యములే ఉండగా దీనిలో 21 ఉన్నవి, మల్టిపుల్ స్క్లెరోసిస్ వాటిలో ఒకటి. ఎదుటివారి మీద మోయలేని భారము వేయకుండ చేయదగిన సహేతుకమైన సర్దుబాటును గూర్చి ఆ చట్టము మాటలాడును. ప్రభుత్వ కార్యాలయములకు ఇది స్పష్టమైన విధి. ప్రైవేటు కంపెనీలు సమాన అవకాశముల విధానమును ప్రకటించవలెనని ఉన్నది గాని, ఇంటి నుండి పని ఇచ్చి తీరవలెనని వ్రాసి లేదు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, వ్రాయునప్పుడు చేయి పట్టివేయు జబ్బు గల ఒక సివిల్ సర్వీసు అభ్యర్థికి పరీక్షలో వేరొకరి చేత వ్రాయించుకొను హక్కు ఉన్నదని తీర్పు చెప్పుచు, 40 శాతము వైకల్యము లేదను మాట మీద అతనిని త్రోసివేయరాదన్నది. కాబట్టి అడుగుటకు కాళ్ళ క్రింద నేల ఉన్నది, అయితే గట్టి గోడ లేదు. మేనేజరు మనస్సు మీద చాలా ఆధారపడును.

మేనమామ సలహా మాకు నచ్చలేదు. దొంగ నడుము నొప్పి మీద సెలవు తీసినవాడొకడుంటే, నిజమైన నడుము నొప్పి గలవానిని పదేండ్లు అనుమానించుదురు. అదియు గాక, ఆ అబద్ధమును రోజూ మోయవలెను. వీడియోలో కూర్చొన్నప్పుడెల్లను నడుము పట్టుకొనవలెనా? తల్లి మాటలో మాత్రము న్యాయమున్నది. చెప్పకుండుట వేరు, లేనిది చెప్పుట వేరు. గనుక మేనేజరుకు వ్రాసిన ఉత్తరములో జబ్బు పేరు లేదు. ఎక్కువ సేపు నిలబడి ప్రయాణము చేయలేననియు, వేడికి చూపు తగ్గుననియు, మధ్యాహ్నము అరగంట పడుకొనవలెననియు, ఆ అరగంట సాయంత్రము పనిచేసి తీర్చెదననియు ఉన్నది. డాక్టరు ఇచ్చిన పూర్తి కాగితము హెచ్.ఆర్. వారికి మాత్రమే, గోప్యముగా ఉంచవలెనను కోరికతో పంపినది. పెళ్ళివారికి చెప్పవలసినది వేరే సంగతి. దానిలో దాపరికము కూడదని మేము తల్లితో అన్నాము. ఆమె ఏమియు మాటలాడలేదు.

తోటివారి మాట కూడా మరువరాదు. ఆఫీసులోనే చేయవలసిన పని కొంత ఉన్నది, అది ఎవరి మీదనో పడును. 2020 లాక్‌డౌన్‌లో ఆ కంపెనీ అందరి చేతను ఇంటి నుండే పని చేయించినది నిజమే. అయినను నర్సుకు, బస్సు డ్రైవరుకు, మావంటి బడిపంతులుకు ఆ వెసులుబాటు లేదు. అందుచేత, ఆ పనికి బదులుగా శనివారము వచ్చు ఫోనులను తాను చూచుకొందునని అమ్మాయి తనంతట తానే ఉత్తరములో చేర్చింది. మాకు ఆ ఆలోచన రాలేదు.

జవాబునకు అయిదు వారములు పట్టినది. మూడు రోజులు ఇంటి నుండి, మంగళ గురువారములు ఆఫీసు నుండి, ఆరు నెలల వరకే, తరువాత మరల చూచెదమని వచ్చింది. ఆమె అడిగినది అయిదు రోజులు. తల్లి ఏడ్చింది. అమ్మాయి మాత్రము ఆ రెండు రోజులు ఎక్కువ రద్దీ లేని రైలుకు వచ్చుటకు సమయము మార్చమని అడిగి, అదియు సంపాదించుకొన్నది.

వచ్చే నెలతో గడువు తీరును. రెండవ ఉత్తరము తానే వ్రాసుకొని మొన్న చదివి వినిపించింది. "ఇబ్బంది పెట్టుచున్నందుకు క్షమించగలరు" అని మొదటి వాక్యము. అది ఒక్కటి కొట్టివేయమన్నాము.