ఇంట్లో తెడ్డు యంత్రం: అవసరమా, దుబారానా?

మేడ్చల్‌లో నివసించే ఒక సోదరుడు ఇలా అడిగారు: "మౌలానా సాబ్, వ్యాయామం కోసం పెద్ద తెర ఉన్న రోయింగ్ మెషిన్ కొనాలనుకుంటున్నాను. ధర లక్షల్లో ఉంది. ఇది ఇస్రాఫ్ అవుతుందా?"

పడవలో తెడ్డు వేసినట్టు కాళ్ళతో తన్నుతూ, చేతులతో పిడిని లాగే యంత్రమిది. కాళ్ళు, వీపు, చేతులు అన్నిటికీ ఒకేసారి పని పడుతుంది. ఖరీదైన రకాలలో ఇంటర్నెట్ తెరపై శిక్షకుడు కనిపించి పాఠాలు చెబుతాడు. పెలోటాన్ అనే అమెరికా కంపెనీ 2022లో ఇలాంటిది తెచ్చినప్పుడు దాని ధర 3,195 డాలర్లు. పాఠాలకు నెలనెలా చందా వేరు.

ఖరీదైనంత మాత్రాన ఏ వస్తువూ నిషిద్ధం కాదు. మన దేహానికి మనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) బోధించారు. అయితే సంపద ఎలా ఆర్జించామన్నదే కాదు, ఎందులో ఖర్చు చేశామన్నదీ ప్రళయదినాన అడగబడుతుంది. ఇమామ్ షాతిబీ (రహ్మ) మానవ ప్రయోజనాలను మూడు మెట్లుగా వివరించారు: లేకపోతే బ్రతుకే సాగనివి, లేకపోతే ఇబ్బంది కలిగించేవి, జీవితానికి సొగసునిచ్చేవి. ఒకే యంత్రం ఒక ఇంట్లో రెండో మెట్టున, పక్కింట్లో మూడో మెట్టున ఉండవచ్చు.

కనుక ముందు తేలవలసింది, దానిపై కూర్చునేదెవరు? ఆ సోదరుడొక్కరే అయితే, ఫజ్ర్ నమాజు తర్వాత శామీర్‌పేట చెరువు వైపు నడిచి రావడానికి పైసా ఖర్చు లేదు. ఆయనకది సొగసే. కానీ ఇంట్లో పర్దా పాటించే భార్య, షుగరు ఉన్న తల్లి ఉండి, వారికి నిశ్చింతగా నడిచే చోటు దగ్గరలో లేకపోతే? అప్పుడది దుబారా అనడానికి నాకు నోరు రాదు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర.అన్హా)తో పరుగు పందెం వేశారు. మన ఇళ్ళలో వ్యాయామం మగవారి సొత్తు ఎప్పుడయిందో!

అయినా లక్షలు పోయాలా? కాన్సెప్ట్2 కంపెనీ 1981 నుండి ఈ యంత్రాలు చేస్తోంది. దాని చిన్న తెరపై దూరం, సమయం, వేగం కనబడతాయి. చందా అక్కరలేదు. గుండెకు జరిగే మేలులో తేడా లేదు. మిగతా ధరలో చాలా భాగం పెద్ద తెరకు. పైగా ఆ పాఠాల్లోని సంగీతం, వేషధారణ మన ఇళ్ళకు తగనివి.

చందా విషయం మరీ జాగ్రత్తగా చూడాలి. యంత్రం మన సొంతమే, పాఠాలు మాత్రం కావు. బేరంలో ఏది అమ్ముడవుతోందో, ఏది అద్దెకొస్తోందో ఇరుపక్షాలకూ స్పష్టంగా తెలియాలి, లేకుంటే అందులో ఘరర్ చేరుతుంది. చందా మానేసిన రోజున యంత్రం ఎంతవరకు పనిచేస్తుందో ముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. వడ్డీ వాయిదాలపై కొనేదైతే ఇక చర్చే లేదు.

జకాత్ సంగతి చాలామంది మరచిపోతారు. సొంత వాడుక వస్తువుపై జకాత్ లేదు. దానికోసం దాచిన డబ్బు మాత్రం, అప్పులు పోను, 612 గ్రాముల వెండి విలువకు చేరి, చాంద్రమాన సంవత్సరం నిండితే రెండున్నర శాతం చెల్లించాలి. "మెషిన్ కోసం దాచాను" అంటే అది మినహాయింపు కాదు.