దేవుని లెక్క, మన లెక్క

ధ్యానానికి: 2 సమూయేలు 24:1-10, లూకా 12:6-7, లూకా 15:3-7



నవంబరు మాసం మృతుల మాసం. 2వ తేదీన మనమందరం సమాధుల వద్దకు వెళ్ళాము. గడ్డి పీకి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించాము. దివ్యబలిపూజలో మన పెద్దల పేర్లు ఒక్కొక్కటిగా చదివించుకున్నాము. పూజ మొదలయ్యే వేళకు కూడా పరుగున వచ్చి, తాత పేరు వ్రాసిన చీటీ ఉపదేశి చేతిలో పెట్టేవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు. ఆ చీటీ వెనుక గొప్ప విశ్వాసం ఉంది. చనిపోయిన మనిషి లేకుండా పోలేదు, దేవుడు ఆయనను ఎరుగును, కనుక ఆ పేరు మన మధ్య పలకాలి అన్నదే ఆ విశ్వాసం.

పేర్లను ఇంత శ్రద్ధగా కాపాడుకునేవారు లోకంలో మరికొందరు ఉన్నారు. అయితే వారు కాపాడేది యుద్ధ విమానాల పేర్లు. 1939-45 నాటి రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబులు వేసిన విమానాలలో ఏవి మిగిలాయి, ఏది ఏ దేశంలో ఉంది, దాని సంఖ్య ఏమిటి, ఎవరి చేతి నుండి ఎవరి చేతికి మారింది, నేటికీ ఎగురుతుందా లేదా అని పట్టికలు వ్రాసి, ఏటేటా సరిచూసుకుంటూ ఉంటారు. ఇంగ్లండు వారి లాంకాస్టర్ విమానాలు 7,377 తయారయ్యాయి. వాటిలో ఇంకా ఎగురగలిగినవి రెండే. ఒకటి ఇంగ్లండులో, మరొకటి కెనడాలో ఉన్నాయి. అమెరికావారి లిబరేటర్ విమానాలు 18,000కు పైగా తయారయ్యాయి. వాటిలో పూర్తి రూపంతో మిగిలినవి బహు కొద్ది.

పినపాక అడవి అంచున పోడు చేసుకుని, బొగ్గు గనులలో పనిచేసి, గోదావరి వరదకు భయపడి బ్రతికే మనకు ఈ విమానాలతో పనేమిటని మీరు అడగవచ్చు. కాని ఆ యుద్ధం మన ప్రాంతాన్ని కూడా తాకింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. దొనకొండలో, తాడేపల్లిగూడెంలో నేటికీ కనిపించే పాత విమానాల బాటలు ఆ కాలంలో వేసినవే. అంతే కాదు, లోకంలో మిగిలిన లిబరేటర్లలో కొన్ని మన దేశంలో బ్రతికి బయటపడినవే.

ఆ కథ వినదగినది. యుద్ధం ముగిసిన తర్వాత, అమెరికా అరువుగా ఇచ్చిన ఈ విమానాలను తిరిగి అప్పగించాలి, లేదా ఎవరికీ పనికిరాకుండా చేయాలి అన్నది ఒప్పందం. ఆ ప్రకారం కాన్పూరు మైదానంలో అనేక లిబరేటర్లను పగులగొట్టి, పాడుచేసి వదిలి వెళ్ళారు. స్వాతంత్ర్యం వచ్చాక, బెంగుళూరులోని హిందూస్తాన్ విమాన కర్మాగారం వారు ఆ తుక్కులో వెదికి, ఒకదాని రెక్క మరొకదానికి, ఒకదాని యంత్రం ఇంకొకదానికి అమర్చి, సుమారు 40 విమానాలను మళ్ళీ ఎగిరేటట్లు చేశారు. 1948 నవంబరులో అవి మన వైమానిక దళంలో చేరాయి. 1968 చివరి వరకు పనిచేశాయి. తర్వాత విదేశాలవారు వచ్చి అడిగి తీసుకువెళ్ళారు. నేడు కెనడాలోని ఒట్టావాలో, ఇంగ్లండులోని వైమానిక దళ మ్యూజియంలో, అమెరికాలోని టూసాన్ నగరంలో ఉన్న లిబరేటర్లు మన దేశం నుండి వెళ్ళినవే. ఒకటి ఢిల్లీలోని పాలెం మ్యూజియంలో ఉంది.

విసిరివేసిన దానిని వెదికి, బాగుచేసి నిలబెట్టడం మంచి పని. ఆ శ్రమను మనం తక్కువ చేయకూడదు. అలా వెదకడం వలన మనుషులు కూడా దొరికిన సందర్భాలున్నాయి. 1944 జనవరిలో 8 మందితో చైనా నుండి అస్సాముకు వస్తూ తప్పిపోయిన ఒక లిబరేటరు శకలాలు 2006లో అరుణాచల్ ప్రదేశ్ కొండలలో కనిపించాయి. అక్కడ దొరికిన అవశేషాలను 2016లో గౌరవంగా అమెరికాకు పంపారు. ఒక తల్లి ఎదురుచూసి, ఎదురుచూసి కన్నుమూసిన తర్వాతనైనా, బిడ్డ ఎక్కడ పడ్డాడో తెలిసింది. తప్పిపోయిన గొర్రె కోసం మిగతా తొంబది తొమ్మిదింటిని విడిచి వెళ్ళిన కాపరి గుణం ఆ వెదుకులాటలో కొంత ఉంది.

అయితే ఈ లెక్కలలో మరొక వైపు ఉంది. అదే ఈ వారం మన ధ్యానం.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు వేసిన విమానం పేరు ఎనోలా గే. అది దానిని నడిపిన అధికారి తల్లి పేరు. కన్నతల్లి పేరును విమానం మీద వ్రాయించుకుని వెళ్ళి, వేలాది తల్లులను బిడ్డలతో సహా కాల్చివేసిన ఘోరం అది. 1995లో వాషింగ్టన్ మ్యూజియం ఆ విమానాన్ని ప్రదర్శనకు పెట్టినప్పుడు, బాంబు వలన చనిపోయినవారి గాథను కూడా ప్రక్కనే చెప్పాలని మొదట సంకల్పించారు. పెద్ద వివాదం రేగింది. చివరకు ఆ భాగం తీసివేసి, విమానం ముందు భాగాన్ని మాత్రం చూపించారు. విమానానికి చోటు దొరికింది. చనిపోయినవారికి దొరకలేదు.

మూడు రోజుల తర్వాత, ఆగస్టు 9న, బాక్స్‌కార్ అనే విమానం నాగసాకి మీద రెండవ బాంబు వేసింది. అది పేలినది ఉరకామి అనే పేట మీద. రెండువందల ఏండ్లకు పైగా హింసలలో దాగి దాగి విశ్వాసాన్ని కాపాడుకున్న జపాను కతోలికుల పేట అది. మరియమాత మోక్షారోపణ పండుగ దగ్గర పడినందున ఆ ఉదయం దేవాలయంలో పాపసంకీర్తనాలు జరుగుతున్నాయి. గురువులు, విశ్వాసులు ఉన్నవారు ఉన్నట్లే మరణించారు. ఆ విచారణలోని సుమారు 12,000 మంది కతోలికులలో దాదాపు 8,500 మంది ఆ బాంబుకు బలియయ్యారు. విమానాన్ని నడిపిన అధికారి కూడా కతోలికుడే. ఆ వైమానికులకు టినియన్ దీవిలో ఆధ్యాత్మిక సేవ చేసిన మన గురువు జార్జ్ జబెల్కా గారు తరువాతి కాలంలో పశ్చాత్తాపపడి, శేష జీవితమంతా శాంతిని బోధించారు. బాక్స్‌కార్ మాత్రం ఒహాయో రాష్ట్రంలోని మ్యూజియంలో చెక్కుచెదరకుండా ఉంది. దాని సంఖ్య, దాని ప్రతి ప్రయాణం పుస్తకాలలో ఉన్నాయి.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. తత్త్వశాస్త్రంలో ఒక పాఠం చెబుతారు. వస్తువుకు బదులు వస్తువు ఉంటుంది, వ్యక్తికి బదులు వ్యక్తి ఉండడు. ఒక గొడ్డలి పోతే మరొక గొడ్డలి కొనవచ్చు. ఒక బిడ్డ పోతే మరొక బిడ్డ ఆ బిడ్డ కాడు. అందుకే వస్తువుకు సంఖ్య చాలు, మనిషికి పేరు కావాలి. యుద్ధం ఈ క్రమాన్ని తలక్రిందులు చేస్తుంది. విమానానికి పేరు పెడుతుంది, బొమ్మ వేస్తుంది, చరిత్ర వ్రాస్తుంది. మనుషులను ఇన్ని వేలు, ఇన్ని లక్షలు అని మూటకట్టి లెక్కిస్తుంది. 1943లో వంగదేశపు కరువులో ఆకలితో పోయిన లక్షల మందిలో ఎందరి పేర్లు మిగిలాయి? అదే వంగదేశపు మైదానాల నుండి ఎగిరిన విమానాల సంఖ్యలు మాత్రం భద్రంగా ఉన్నాయి.

పవిత్ర గ్రంథంలో రెండు రకాల లెక్కలు కనిపిస్తాయి. దావీదు రాజు తన రాజ్యంలో కత్తి పట్టగలవారు ఎందరని లెక్క వేయించాడు. ఇశ్రాయేలులో 8 లక్షలు, యూదాలో 5 లక్షలు అని తేలింది. లెక్క పూర్తికాగానే రాజు మనస్సు అతనిని గద్దించింది. ఆ లెక్కలో స్త్రీలు లేరు, పిల్లలు లేరు, కుంటివారు లేరు. తన బలం ఎంతో తెలుసుకోవాలన్న గర్వం ఒక్కటే ఉంది. రెండవది మన ప్రభువు చెప్పిన లెక్క. సంతలో కొద్ది కాసులకు అమ్ముడుపోయే పిచ్చుకలలో ఒక్కదానిని కూడా తండ్రి మరువడని, మన తలవెండ్రుకలకు కూడా ఆయన వద్ద లెక్క ఉన్నదని ప్రభువు బోధించారు. రాజు పనికివచ్చే వారిని లెక్కించాడు. తండ్రి తనవారిని లెక్కిస్తాడు.

మరి మనం ఏ లెక్క నేర్చుకున్నాము?

తిరుసభ తన పిల్లల పేర్లు వ్రాసి ఉంచుతుంది. ప్రతి విచారణలో జ్ఞానస్నానాల పుస్తకం, వివాహాల పుస్తకం, మరణాల పుస్తకం ఉండాలని తిరుసభ చట్టం 535వ సూత్రం ఆజ్ఞాపిస్తుంది. కూలివాని బిడ్డ పేరు, ఆసామి బిడ్డ పేరు అదే పుటలో, అదే సిరాతో పడతాయి. ఇది మనకు అలవాటైపోయి దీని గొప్పతనం మనకు తట్టదు.

కాని మన ఊర్ల చుట్టూ ఏ పుస్తకానికీ ఎక్కని మనుషులున్నారు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ అడవులలో పోరు ముదిరినప్పుడు, ఇండ్లు వదిలి గోదావరి ఇవతలకు వచ్చిన గొత్తికోయ కుటుంబాలను మీరందరూ ఎరుగుదురు. మిరప కోతలకు మన చేలలోకి వస్తారు. వాగు దాటి, అడవి లోపల గుడిసెలు వేసుకుని ఉంటారు. వారు కూడా యుద్ధం నుండి మిగిలినవారే. అక్కడ పుట్టిన బిడ్డలలో చాలామందికి పుట్టినట్లు కాగితం లేదు. చనిపోయినవారికి పోయినట్లు కాగితం లేదు. ఒక లిబరేటరు రెక్క మీది సంఖ్య కోసం ఖండాలు దాటి వెదికే లోకంలో, మన కాలినడక దూరంలో పుట్టిన ఆడబిడ్డ పేరు ఎక్కడా లేకపోవడం మనకు సిగ్గు కాదా?

కొందరు అంటారు, "వారు మనవారు కారు స్వామీ, మన భూమి మీదికి వచ్చారు" అని. భూమి తగాదా ఉన్నమాట నిజమే. అడవి మీద హక్కు ఎవరిది, రిజర్వేషన్ ఎవరికి అన్నవి పెద్ద ప్రశ్నలు. ఇక్కడి కోయ సోదరుల ఆందోళనలో కూడా న్యాయం ఉంది. వాటిని ప్రభుత్వం, పెద్దలు కూర్చుని తేల్చాలి. కాని పుట్టిన బిడ్డ పుట్టిందని వ్రాయించడానికి ఆ తగాదాలు తేలనవసరం లేదు. తల్లిదండ్రులు ఎక్కడివారైనా సరే, బిడ్డ పుట్టిన చోట నమోదు చేయాలన్నదే 1969 నాటి చట్టం.

కావున ఈ మృతుల మాసంలో మన విచారణ కుటుంబాలు చేయదగిన పని ఒకటి చెబుతాను. మీకు తెలిసిన గూడెంలో కాన్పు జరిగితే, 21 రోజుల లోపల గ్రామపంచాయతీ కార్యదర్శికి తెలియజేయండి. ఆ గడువులో రుసుము ఉండదు. ఆలస్యమైన కొద్దీ కష్టం పెరుగుతుంది. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అడవిలో ఉన్న తల్లి ఆ కచేరీల చుట్టూ తిరగలేదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి బడిలో చేరడానికి, ఆధార్‌కు, ఓటుకు జనన ధ్రువపత్రమే ప్రధాన ఆధారమైంది. ఆ కాగితం లేని బిడ్డకు ముందున్న తలుపులన్నీ మూసుకుంటాయి. చదువు వచ్చిన మన యువకులు, ఉపదేశులు తోడు వెళ్ళి ఒక దరఖాస్తు వ్రాసిపెడితే చాలు. వారు ఏ దేవుని పూజిస్తారని అడగవద్దు. జనాభా లెక్కలో పేరు వ్రాయించుకోవడానికి నిండు గర్భిణితో బేత్లెహేముకు నడిచిన యోసేపు గారిని, ఆ వెంటనే కత్తికి భయపడి బిడ్డను ఎత్తుకుని ఐగుప్తుకు పారిపోయిన ఆ తిరుకుటుంబాన్ని తలచుకోండి.

ఉరకామి శిథిలాలలో ఒక గురువుకు కొయ్యతో చేసిన మరియమ్మ స్వరూపం తల దొరికింది. కన్నులు కాలిపోయి గుంటలు మాత్రం మిగిలాయి. దానిని ఈనాటికీ ఆ దేవాలయంలో భద్రపరచారు. దేవాలయపు రెండు గంటలలో ఒకటి పగిలిపోయింది, ఒకటి దక్కింది. పోయిన గంట స్థానంలో అమెరికా కతోలికులు చందాలు వేసుకుని కొత్త గంట చేయించి ఇచ్చారు. 2025 ఆగస్టు 9న, 80 ఏండ్ల తర్వాత, ఆ రెండు గంటలు కలిసి మ్రోగాయి. బాంబు వేసిన దేశంవారే వచ్చి, తాము పోగొట్టినదానిని లెక్క చూసి తిరిగి ఇచ్చారు. యుద్ధ స్మృతి ఈ విధంగా కూడా ఉండవచ్చునని ఆ గంటలు మనకు చెబుతున్నాయి.

యెషయా ప్రవక్త గ్రంథం 49వ అధ్యాయంలో దేవుడు తన ప్రజలను తన అరచేతులలో చెక్కుకున్నానని సెలవిస్తాడు. ఆ చేతులకు సిలువ మీద మేకులు దిగాయి. ఉత్థానమైన తరువాత కూడా ఆ గురుతులు మానలేదు. ఆ చేతులలో మన మృతుల పేర్లున్నాయి. ఉరకామి వారి పేర్లున్నాయి. వంగదేశంలో ఆకలితో పోయినవారి పేర్లున్నాయి. వాగు అవతల నిన్న పుట్టిన బిడ్డ పేరు కూడా ఉంది. ఆయన పుస్తకంలో ఉన్నవారిని మన పుస్తకాలలో కూడా చేర్చే మనస్సును, ఆ దూరం నడిచే ఓపికను సర్వేశ్వరుడు మనకు అనుగ్రహించును గాక! విశ్వాసుల ఆత్మలకు ఆయన దయవలన నిత్య విశ్రాంతి కలుగును గాక! ఆమెన్.